కల్వర్టు తూములో దొరికిన తుపాకులు, మా తాత పాత లైసెన్సు: ఇప్పుడు మేమేం చేయాలి?

వంశధార_గట్టు
మాది రాయగడ జిల్లాలో ఆంధ్రా బోర్డర్‌ని ఆనుకున్న ఊరు, పేరు రాయను. మొన్న జీడి తోటల పక్కన రోడ్డు కల్వర్టు తూములో ఎరువుల సంచిలో చుట్టిపెట్టిన తుపాకులు రెండు దొరికాయి. మేకలు కాసుకునే పిల్లలు చూసి గ్రామరక్షికి (పోలీసులకి ఊళ్లో ఉండే కాపలా మనిషి) చెప్పారు, సాయంత్రానికి జీపు వచ్చి పట్టుకెళ్లింది. ఒకటి జంట గొట్టాలది, రెండోది బాగా పొడుగ్గా ఉన్న నాటుది అంటున్నారు చూసినవాళ్లు.

అక్కడితో అయిపోతుంది అనుకున్నాం. ఇప్పుడు స్టేషన్ వాళ్లు పాత లైసెన్సుదారుల ఇళ్ల చుట్టూ తిరుగుతున్నారు. మా తాతకి ఉమ్మడి కోరాపుట్ జిల్లా ఉన్న రోజుల్లో లైసెన్సు తుపాకి ఉండేది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. తుపాకి ఎటు పోయిందంటే మా నాన్న "అప్పుడే స్టేషన్లో ఇచ్చేశాం" అంటాడు, రసీదు ఎక్కడుందో ఆయనకే తెలీదు. రెండుసార్లు ఇంటికొచ్చి అడిగేసరికి మా అమ్మకి టెన్షన్‌తో అన్నం సయించడం లేదు. నాకు అర్థం కానిది ఒక్కటే, తుపాకి మీద నంబరు ఉంటుంది కదా, ఆ నంబరు కంప్యూటర్లో కొడితే ఓనరు పేరు వచ్చెయ్యదా? బండి నంబరు కొడితే వస్తుంది కదా. ఇల్లిల్లూ తిరగడం ఎందుకు?

జేపూర్_బాబ్జీ
అంత సులువైతే ఈపాటికి పట్టుకునేవాళ్లు. కంప్యూటర్లో ఉన్నవి ఈమధ్య లైసెన్సులే.

ముక్కుసూటి
లైసెన్సు ఉన్నవాడు తుపాకి తూములో ఎందుకు పెడతాడండీ? ఇది దుప్పుల వేటగాళ్ల పని. రాత్రి హెడ్‌లైట్లు కట్టుకుని తిరిగేవాళ్లు ఎవరో ప్రతి ఊళ్లోనూ అందరికీ తెలుసు, పోలీసులకి చెప్పేవాడే ఉండడు.

ఖాకీ_రిటైర్డ్
ఒడిశా పోలీసులో చేసి రిటైరైనవాణ్ని, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను.

దిక్కులేని తుపాకి దొరికితే ముందు స్టేషన్ డైరీలో రాస్తారు, సాక్షుల ముందు సీజర్ లిస్టు (పట్టుకున్నవాటి జాబితా) వేస్తారు. గొట్టం పొడవు, ఎన్ని గొట్టాలు, ఏ బోరు (గొట్టం లోపలి వెడల్పు), ఏ కంపెనీ, నంబరు ఏంటి, లోపల మందు ఉందా లేదా, అన్నీ అందులో ఉండాలి. ఆ తర్వాతే వెతుకులాట. దేశమంతటి లైసెన్సులు ఎక్కించిన డేటాబేస్ ఒకటి ఉంది, ప్రతి లైసెన్సుకీ ఒక యూఐఎన్ నంబరు ఇస్తారు. అయితే అది మొదలై పదిపన్నెండేళ్లు అయిందంతే. అప్పటికి బతికుండి, రెన్యువల్ చేయించుకుంటూ వచ్చినవాళ్ల తుపాకులే అందులోకి ఎక్కాయి. అంతకుముందు చచ్చిపోయినవాళ్లవి, రెన్యువల్ వదిలేసినవాళ్లవి ఇప్పటికీ కలెక్టరేట్ రిజిస్టర్లలోనే ఉంటాయి. ఆ రిజిస్టర్లు పేరు వరసలోనో ఊరి వరసలోనో ఉంటాయి, తుపాకి నంబరు వరసలో ఉండవు. నంబరు పట్టుకుని పేరు వెతకాలంటే పేజీ పేజీ తిప్పాల్సిందే.

అందుకే ఇళ్లకి వస్తారు. బాబూ, మీ ఇంటికి వచ్చింది మిమ్మల్ని దొంగల కింద లెక్కేసి కాదు. పాత లిస్టులో ఉన్న ఒక్కో పేరూ కొట్టేసుకుంటూ పోతున్నారు, అంతే.

వంశధార_గట్టు
మీరు చెప్పాక కొంచెం నెమ్మదించింది సార్. మరి జిల్లా విడిపోయాక ఆ రిజిస్టర్లు రాయగడ వచ్చాయా, కోరాపుట్‌లోనే ఉన్నాయా?

జేపూర్_బాబ్జీ
అసలు చిక్కంతా అక్కడే. 1992 అక్టోబరు 2న కోరాపుట్‌ని ముక్కలు చేసి రాయగడ, నబరంగ్‌పూర్, మల్కన్‌గిరి జిల్లాలు చేశారు. బతికున్న ఫైళ్లు కొత్త జిల్లాలకి వెళ్లాయి. అప్పటికే మూతబడినవి చాలావరకు పాత చోటే ఉండిపోయాయి. మా పెద్దనాన్న భూమి కాగితాలకే ఈ తిరుగుడు తిరిగాం, ఇక్కడ అడిగితే అక్కడికి పొమ్మంటారు, అక్కడికి పోతే ఇక్కడికి పంపేశాం అంటారు.

పర్లా_పాతకోట
బాబ్జీ గారు 1992 దగ్గర ఆగారు, ఇంకా వెనక్కి వెళ్లండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్స్ ఏర్పడేదాకా కోరాపుట్ వైపంతా విశాఖపట్నం ఏజెన్సీ, మద్రాసు ప్రెసిడెన్సీ. మా గంజాం, పర్లాకిమిడి కూడా అంతే. జమీందారీల కాలంలో కొన్న తుపాకులు ఇప్పటికీ కొన్ని ఇళ్లల్లో ఉన్నాయి. అప్పుడు లైసెన్సిచ్చింది మద్రాసు, ఆ తర్వాత కటక్, ఇప్పుడు భువనేశ్వర్. మా గజపతి కూడా 1992లోనే గంజాం నుంచి విడిపోయింది. ఒకే తుపాకి ఒక్కచోటు నుంచి కదలకుండానే రెండు రాష్ట్రాలు, రెండు మూడు జిల్లాలు మారింది. దాని కాగితం ఏ బీరువాలో ఉందో ఎవడు చెప్తాడు?

మా అమ్మమ్మగారింట్లో ఒకటుండేది, చిన్నప్పుడు చూశాను. జంట గొట్టాలది, ఇంగ్లండు సరుకు. గుమాస్తా గారు దసరాకి విప్పి నూనె రాసేవారు. ముందు చెక్క లాగి, గొట్టాలు వంచి బయటికి తీసి తిరగేస్తే, కింద చదునుగా ఉన్నచోట బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ (తుపాకి గొట్టాలు పరీక్షించే చోటు) వాళ్ల కిరీటం ముద్రలు చిన్నచిన్నగా ఉండేవి. నంబరు మూడుచోట్ల కొట్టి ఉండేది: గొట్టాల కింద, చెక్కకి ఉన్న ఇనుప పట్టీ మీద, ట్రిగ్గర్ దగ్గర. కొంతమంది బయటికి కనబడే నంబరు ఒక్కటే ఆకురాయితో గీకేసి పని అయిపోయింది అనుకుంటారు. లోపలివి అలాగే ఉంటాయి.

ల్యాబ్_కోటు
పర్లా గారు చెప్పింది చాలా కరెక్ట్. ఫోరెన్సిక్ చదువుతున్నాను, ఇంకొంచెం కలుపుతాను.

నంబరు గీకేసినా చాలాసార్లు బయటపెట్టొచ్చు. నంబరు పంచ్ కొట్టినప్పుడు పైన కనిపించే గుంట ఒక్కటే కాదు, దాని కింద లోహం కూడా నలుగుతుంది. పైపైన అరగదీస్తే గుంట పోతుంది, నలిగిన లోహం మిగులుతుంది. ఆ చోటుని బాగా పాలిష్ చేసి, కాపర్ క్లోరైడూ హైడ్రోక్లోరిక్ యాసిడూ కలిపిన ద్రావణం (ఫ్రైస్ రీఏజెంట్ అంటారు) దూదితో రుద్దుతూ పోతే నలిగిన చోటు వేరేగా కరుగుతుంది, అంకెలు నీడలాగా లేస్తాయి. వెంటనే ఫోటో తీసుకోవాలి, ఒక్కోసారి కాసేపే కనిపించి మాయమవుతాయి. లోతుగా తవ్వేసినా, పైన వెల్డింగ్ పోసినా, తుప్పు లోపలిదాకా తినేసినా మాత్రం ఇక రాదు.

నాటు తుపాకికి ఇవేవీ పనికిరావు. దానికి నంబరే ఉండదు. నీళ్ల పైపు ముక్కతోనో పాత ఇనుముతోనో చేసినదానికి ఏ నంబరు తీస్తాం?

మొక్కజొన్న_రైతు
మరి సినిమాల్లో గుండు చూసి ఏ తుపాకిదో చెప్పేస్తారు కదా?

ల్యాబ్_కోటు
అది రైఫిలూ పిస్టలూ అయితే. వాటి గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి, గుండు మీద ఆ గీతలు పడతాయి. షాట్‌గన్ గొట్టం లోపల అద్దంలా నున్నగా ఉంటుంది. అందులోంచి వచ్చే సీసం పెల్లెట్లు చూసి ఫలానా తుపాకిదే అని చెప్పలేం. కాల్చి పారేసిన తూటా డొప్ప దొరికితే చెప్పొచ్చు, దాని అడుగున ఫైరింగ్ పిన్ను కొట్టిన గుర్తు ఒక్కో తుపాకికీ ఒక్కోలా ఉంటుంది. మూతిలోంచి మందు పోసి చువ్వతో కూరే నాటు తుపాకికి ఆ డొప్ప కూడా ఉండదు. మందు అంటించే చిన్న క్యాప్ పేలి ఎగిరిపోతుంది, గడ్డిలో ఎవరికి దొరుకుతుంది?

ముక్కుసూటి
అంటే దానితో మనిషిని కాల్చినా దొరకడన్నమాట. ఇది విన్నాక నాకు భయం ఎక్కువైంది.

ల్యాబ్_కోటు
దొరకడు అనలేదండి. తుపాకి ఒక్కదాని వల్లే దొరకడు అన్నాను. దాన్ని చుట్టిన గుడ్డ, సంచి మీద బ్యాచ్ నంబరు, నూనె, లోపలి మందు, ఇవన్నీ ఉన్నాయి. ఎరువుల సంచి అన్నారు కదా, దాని మీద కంపెనీ, లాట్ ఉంటే ఏ డీలరుకి వెళ్లిందో తెలుస్తుంది. చాలామంది తుపాకి పట్టుకెళ్లి సంచి అక్కడే పారేస్తారు. మీ ఊళ్లో సంచి కూడా తీసుకెళ్లారా?

వంశధార_గట్టు
సంచి, లోపల చుట్టిన పాత లుంగీ రెండూ తీసుకెళ్లారు. లుంగీకి నూనె పట్టి ఉందని పిల్లలు చెప్పారు.

ఖాకీ_రిటైర్డ్
అలా అయితే అది పారేసింది కాదు, దాచింది. పారేసేవాడు నదిలో వేస్తాడు, నూనె గుడ్డ చుట్టి ఎవడూ పారేయడు. మళ్లీ వచ్చి తీసుకుందామనే పెట్టాడు. స్టేషన్ వాళ్లు ఇది చూసుకునే ఉంటారు.

ప్రాణహిత_ఒడ్డు
మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. మీ కథ చదువుతుంటే మా ఊరు కథే అనిపించింది. మాకు గ్రామరక్షి బదులు పోలీస్ పాటిల్ ఉంటడు, అంతే తేడా. మాకు గడ్చిరోలి జిల్లా 1982లో వచ్చింది, అంతకుముందు చంద్రపూర్. పాత లైసెన్సు అంటే చంద్రపూర్ పోవాలె. నదికి అవతల కాళేశ్వరం, అటువైపు ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు భూపాలపల్లి జిల్లా. మా చుట్టాలు సగం అటే. తుపాకి అటు కొని ఇటు పెట్టుకున్నోళ్లు, ఇటు లైసెన్సు తీసి అటు పోయి స్థిరపడ్డోళ్లు ఉన్నరు. మా పోలీసులు మరాఠీల ఉత్తరం రాస్తే అటు తెలుగోళ్లు చదువుకోవాలె, అటునుంచి జవాబు వస్తే ఇక్కడ తర్జుమా చేసుకోవాలె.

మా దగ్గర దొరికేవి ఎక్కువగా భర్మార్లు, అంటే మూతిలోంచి మందు కూరే నాటు తుపాకులు. దొరికిందంటే చాలు, ముందు వచ్చే ప్రశ్న అన్నలదా, వేటగాళ్లదా అని. తుపాకి పేలకముందే పుకార్లు పేలుతయి.

జేపూర్_బాబ్జీ
ఇక్కడా అదే. 2004 ఫిబ్రవరి 6 రాత్రి కోరాపుట్‌లో జిల్లా ఆయుధాగారం మీద మావోయిస్టులు పడి ఎత్తుకెళ్లిన ఆయుధాల సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎక్కడ తుపాకి దొరికినా "ఆ రోజుదేనేమో" అంటారు. ఇది కూడా అలాంటిదేమో?

ఖాకీ_రిటైర్డ్
కాదనే నా నమ్మకం. పోలీసు ఆయుధాగారంలో ఉండేవి సర్వీసు రైఫిళ్లు. వాటి నంబర్ల లిస్టు ఉంటుంది, ఎక్కడ దొరికినా ఇట్టే పోల్చుకుంటారు. 2006లో ఆర్.ఉదయగిరిలో, 2008లో నయాగఢ్‌లో పోయినవాటికీ అంతే. జంట గొట్టాల షాట్‌గన్ ఆ లెక్కలోకి రాదు.

మావోయిస్టుల దారిలో వచ్చి ఉండొచ్చు, అది వేరే సంగతి. వాళ్లు ఊళ్లల్లో మోతుబరుల ఇళ్ల మీద పడి లైసెన్సు తుపాకులు పట్టుకెళ్లిన కాలం ఉంది. పోగొట్టుకున్నవాడు ధైర్యం చేసి ఎఫ్ఐఆర్ ఇస్తే ఆ నంబరు రికార్డులో ఉంటుంది. ఫిర్యాదు ఇస్తే మళ్లీ ఏమొస్తుందోనని నోరు మూసుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల తుపాకి ఇప్పుడు ఎక్కడో తేలితే మొదటి అనుమానం వాళ్ల మీదకే వస్తుంది. అది నేను కళ్లారా చూశాను, చాలా బాధేసింది.

మజ్జిగౌరి_అక్క
ఈ మాట వింటే మా మేనత్త గుర్తొచ్చింది. మామయ్య పోయాక ఇంట్లో తుపాకి ఉందని ఆవిడకి తెలుసు, దాన్ని ఏం చేయాలో తెలీదు. కొడుకులిద్దరూ ఒకడు విశాఖ, ఒకడు హైదరాబాదు. ఆడమనిషి ఒక్కత్తే తుపాకి పట్టుకుని స్టేషన్‌కి ఎలా వెళ్తుంది? దారిలో ఎవరైనా చూస్తే? ఏళ్ల తరబడి బియ్యం డ్రమ్ము వెనకాల నిలబెట్టి ఉంచింది. మనవలు వస్తే ఆ గదికి తాళం వేసేది. తర్వాత పెద్దకొడుకు వచ్చి దరఖాస్తు రాసి అప్పగించాడు, "ఇన్నాళ్లు ఎందుకు పెట్టుకున్నారు" అని గట్టిగానే అడిగారంట. అందరికీ ఆ పెద్దకొడుకు ఉండడు కదా. ఒక్కో ఇంట్లో భయపడి బావిలో వేసేస్తారు, ఒక్కో ఇంట్లో పాలికాపుకి ఇచ్చి "ఎక్కడైనా పడేయ్‌రా" అంటారు. వాడు పడేస్తాడా, వాడుకుంటాడా?

ముక్కుసూటి గారూ, తూములో పెట్టేది వేటగాడే అని మీరు తేల్చేశారు గానీ ఇలాంటివీ ఉంటాయి.

ముక్కుసూటి
ఉండొచ్చమ్మా, కాదనను. కానీ నూనె రాసి దాచాడని ఇందాకే సార్ చెప్పారు. మీ అత్తగారిలాంటివాళ్లు నూనె రాయరు.

మొక్కజొన్న_రైతు
నా మాట కూడా వినండి. అడవి పందులు ఒక్క రాత్రి పడితే మొక్కజొన్న చేను నేలమట్టం. మంచె మీద పడుకుని డబ్బాలు కొడతాం, అవి మాకంటే తెలివైనవి. పంట కాపాడుకోడానికి మూతిమందు తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చని చట్టంలోనే ఉందని ఎవరో చెప్పారు, నిజమేనా? నిజమైతే మాలో ఎవరికీ ఎందుకు లేదు? దరఖాస్తు పెడితే పోలీసు రిపోర్టు, అటవీ శాఖ రిపోర్టు అని ఏళ్లు గడిచిపోతాయి. నాటు తుపాకి చేసేవాడు ఊరి పక్కనే ఉంటాడు. పేదవాడు ఎటు పోతాడో మీరే చెప్పండి.

లా_పాయింట్
నిజమే. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్లో ఉంది: నిజంగా పంట రక్షణ కోసమైతే మజిల్ లోడర్‌కి (మీరన్న మూతిమందు తుపాకికి), ఆత్మరక్షణకో క్రీడకో అయితే ఇరవై అంగుళాలకి తగ్గని గొట్టమున్న నున్న బోరు తుపాకికి. ఇవ్వకపోతే కారణం రాసి చెప్పమని అడిగే హక్కుంది, అప్పీలు కూడా ఉంది. చాలామంది దరఖాస్తే పెట్టరు, పెట్టినవాళ్లు అప్పీలుకి వెళ్లరు.

అలాగని లైసెన్సు లేకుండా పెట్టుకోవడం చిన్న విషయం కాదు. 2019 సవరణ తర్వాత 25(1బి) కింద రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. ముందు ఏడాది నుంచి మూడేళ్లు ఉండేది. తుపాకి మీద నంబరు చెరిపేసి ఉంటే, చెరిపింది ఆ తుపాకి ఎవరి దగ్గర ఉందో వాళ్లేనని 8వ సెక్షన్ కింద కోర్టు అనుకుంటుంది, కాదని నిరూపించుకునే భారం వాళ్లదే.

ఇక వంశధార తమ్ముడి సంగతి. తూములో, అంటే ఊరందరూ తిరిగే చోట దొరికింది. అది మీదేనని తేలినా కేసు నిలబడాలంటే ఒక మనిషి తెలిసి తన స్వాధీనంలో పెట్టుకున్నాడని చూపించాలి. 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, తెలిసి ఉండటం, తన అదుపులో ఉండటం రెండూ కావాలి. పైగా లైసెన్సు లేదన్న కేసు కోర్టుకి వెళ్లాలంటే 39వ సెక్షన్ ప్రకారం ముందు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. అమ్మగారికి ఈ ముక్క చదివి వినిపించండి, అన్నం తింటారు.

వంశధార_గట్టు
చదివి వినిపించాను సార్. "ఆ లాయరు బాబుని చల్లగా ఉండమను" అంది.

ఇంకో సంగతి. పాత ట్రంకు పెట్టె అడుగున తాత లైసెన్సు పుస్తకం దొరికింది. అట్ట చెదలు తినేసింది, లోపల పేజీలు బానే ఉన్నాయి. 12 బోరు, ఎస్‌బీబీఎల్ అని ఉంది, కంపెనీ పేరు, నంబరు ఉన్నాయి. రెన్యువల్ ముద్రలు వరసగా ఉండి ఒకచోట ఆగిపోయాయి, ఆఖరి ముద్ర జిల్లా విడిపోకముందుది. వెనక పేజీల్లో తూటాలు కొన్న లెక్క ఉంది, దుకాణం ముద్రతో సహా. ఎస్‌బీబీఎల్ అంటే ఏంటి?

ఖాకీ_రిటైర్డ్
సింగిల్ బ్యారెల్ బ్రీచ్ లోడర్. ఒంటి గొట్టం, వెనకనుంచి తూటా పెట్టేది. దొరికింది జంట గొట్టాలదైతే మీ తాతది కాదు! ఆ పుస్తకాన్ని కళ్లకద్దుకుని దాచుకోండి. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు, జిరాక్సులే ఇవ్వండి, తీసుకున్నట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి.

ప్రాణహిత_ఒడ్డు
మంచి కబురు చెప్పినవ్ తమ్మీ.

ముక్కుసూటి
తొందరపడకండి. జంట గొట్టాలది అని పిల్లలు చెప్పిన మాట. సీజర్ లిస్టులో ఏం రాశారో చూడందే తేలదు. ఇంకోటి, దొరికింది మీది కాదని తేలినా మీది ఏమైందనే ప్రశ్న అలాగే ఉంటుంది.

లా_పాయింట్
ముక్కుసూటి గారు అన్నది సరైన పాయింటు. లైసెన్సు గడువు అయిపోయాక తుపాకిని ఆలస్యం చేయకుండా స్టేషన్లోగానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గరగానీ జమ చేయాలని 21వ సెక్షన్. జమ చేసింది గడువులోపు ఎవరూ వెనక్కి తీసుకోకపోతే జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో ప్రభుత్వపరం అవుతుంది. అంటే నాన్నగారు చెప్పింది నిజమైతే కనీసం రెండుచోట్ల జాడ ఉండాలి, స్టేషన్ మాల్‌ఖానా (జమ అయిన సొత్తు ఉంచే గది) రిజిస్టర్లో, కలెక్టరేట్ ఉత్తర్వుల్లో. ఆర్టీఐ కింద అడగండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. తుపాకి నంబరు, లైసెన్సు నంబరు రెండూ రాయండి. "మా తాత తుపాకి ఏమైంది" అని ఊరికే అడిగితే "సమాచారం లేదు" అని వస్తుంది.

ఖాకీ_రిటైర్డ్
ఇంకో దారి చెప్తాను, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రతి ఎన్నికలకీ లైసెన్సు తుపాకులు స్టేషన్లో జమ చేయించుకుంటారు, మొన్న 2024లో కూడా చేశారు. పాత ఎన్నికల జమ జాబితాల్లో మీ తాత పేరు ఏ ఎన్నిక దాకా ఉందో, ఎప్పుడు ఆగిందో చూస్తే తుపాకి ఎప్పుడు చేతులు మారిందో అంచనా దొరుకుతుంది. జమ చేసినవాటిలో ఎన్నికలయ్యాక వెనక్కి తీసుకోకుండా వదిలేసినవి కూడా ఉంటాయి. మీ నాన్న "ఇచ్చేశాం" అంటున్నది అదే అయి ఉండొచ్చు.

తూటాలు అమ్మిన దుకాణం ముద్ర ఉంది అన్నారు. ఆ దుకాణానికి కూడా రిజిస్టర్ ఉండాలి. ఇప్పుడు దుకాణం లేకపోయినా వాళ్ల రిజిస్టర్లు ఎక్కడ అప్పగించారో కలెక్టరేట్‌కి తెలియాలి.

పర్లా_పాతకోట
తూటాలంటే గుర్తొచ్చింది, అప్పట్లో అన్నీ ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ తూటాలే. అట్ట డొప్పలవి వానాకాలం చెమ్మకి ఉబ్బిపోయి గొట్టంలో దూరేవి కావు, ఎండలో పెట్టేవారు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

మజ్జిగౌరి_అక్క
ఆ పిల్లల గురించి ఎవరూ అడగలేదు. మేకలు కాసే పిల్లలు అది విప్పి చూశారన్నమాటే కదా? చేత్తో పట్టుకున్నారా?

వంశధార_గట్టు
పెద్దవాడు సంచి విప్పి నాటుదాన్ని బయటికి లాగాడంట అక్కా. అందుకే వాడి వేలిముద్రలు తీసుకున్నారు, వాళ్ల నాన్న గాభరా పడిపోతున్నాడు.

ఖాకీ_రిటైర్డ్
గాభరా అక్కర్లేదు, ముట్టుకున్నవాళ్ల వేలిముద్రలు పక్కన పెట్టడానికే తీసుకుంటారు. కానీ ఇది మీ ఊళ్లో అందరికీ చెప్పండి: నాటు తుపాకిలో మందు కూరి ఏళ్లకేళ్లు వదిలేసి ఉండొచ్చు. వెనక చూసి ఖాళీయా కాదా చెప్పలేం, మూతి నుంచి చువ్వ దింపి లోతు కొలిస్తేగానీ తెలీదు, ఆ పని తెలిసినవాళ్లే చేయాలి. గుర్రం (క్యాప్‌ని కొట్టే సుత్తి) కింద క్యాప్ ఉండి ఎక్కడైనా తగిలితే పేలుతుంది. పైగా మన ప్రాంతంలో ఇలాంటి సంచుల కింద మందుపాతర పెట్టిన రోజులు ఉన్నాయి. ముట్టుకోకుండా, దూరంగా నిలబడి 112కి ఫోన్ చేయాలి.

ప్రాణహిత_ఒడ్డు
ఈ ముక్క ఒడియాలో, మరాఠీల కూడా రాసి పంచాయతీ ఆఫీసుల అంటించాలె. మా పాటిల్‌కి పంపుతున్న.

మొక్కజొన్న_రైతు
ఎవరూ తప్పుగా అనుకోకండి. నాకు తెలిసినవాళ్ల ఇంట్లో నాటుది ఒకటి ఉంది, వాళ్ల నాన్న కాలం నాటిది. ఈ గొడవ విని భయపడుతున్నారు. తీసుకెళ్లి ఇచ్చేస్తే కేసు పెడతారా?

ముక్కుసూటి
ఇచ్చేయమనండి, ఆలోచించడానికి ఏముంది?

మజ్జిగౌరి_అక్క
అంత తేలిగ్గా చెప్పకండి బాబూ. ఇచ్చినవాణ్ని లోపల కూర్చోబెట్టారని ఒక్కసారి ఊళ్లో తెలిస్తే ఇక ఎవరూ ఇవ్వరు, అన్నీ తూముల్లోకే వెళ్తాయి. పోలీసులకి నిజంగా తుపాకులు కావాలంటే ఇచ్చినవాళ్లని గౌరవంగా పంపాలి. ఇది నేను ఎక్కడైనా గట్టిగా చెప్తాను.

లా_పాయింట్
చట్టంలో "స్వచ్ఛందంగా ఇస్తే శిక్ష లేదు" అని రాసి లేదు, కాబట్టి అలా భరోసా ఇవ్వలేను. ఆచరణలో మాత్రం సరిహద్దు జిల్లాల్లో పోలీసులు అప్పుడప్పుడూ నాటు తుపాకులు అప్పగించండి, కేసులుండవు అని ప్రచారం చేస్తారు, అల్లూరి జిల్లా వైపు చాలామంది అలా ఇచ్చారు కూడా. మీవాళ్లు ఒంటరిగా తుపాకి భుజాన వేసుకుని బయల్దేరొద్దు. దారిలో పట్టుబడితే అప్పగించడానికే వెళ్తున్నాం అంటే ఎవరూ నమ్మరు. ముందు సర్పంచినో వకీలునో వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్లి మాట్లాడాలి, రాతపూర్వకంగా ఇవ్వాలి, వాళ్లే ఇంటికొచ్చి తీసుకెళ్లేలా చూసుకోవాలి. రసీదు మాత్రం తప్పకుండా.

మొక్కజొన్న_రైతు
చెప్తాను. మా సర్పంచి మంచివాడే.

జేపూర్_బాబ్జీ
వంశధార తమ్ముడూ, సోమవారం నాకు కోరాపుట్‌లో పనుంది. నువ్వు పొద్దున్న రాయగడలో రైలెక్కితే కోరాపుట్ స్టేషన్లో కలుస్తాను. కలెక్టరేట్‌లో ఆయుధాల సెక్షన్ ఎక్కడో నాకు తెలుసు. పుస్తకం జిరాక్సులు మూడు సెట్లు తెచ్చుకో. ఒడియాలో దరఖాస్తు నేను రాసి పెడతాను.

వంశధార_గట్టు
వస్తాను అన్నా. నాన్నని కూడా తీసుకొస్తాను, ఏ స్టేషన్లో ఇచ్చాడో అక్కడికెళ్తే గుర్తొస్తుందేమో.

ఖాకీ_రిటైర్డ్
నాన్నని అడిగేటప్పుడు ఏ సంవత్సరం అని అడక్కండి, చెప్పలేరు. అప్పుడు ఎన్నికలు జరుగుతున్నాయా, ఎవరు నిలబడ్డారు, మీ ఇంట్లో పెళ్లి ఏదైనా అయిందా అని అడగండి. దాన్నిబట్టి సంవత్సరం మనం తేల్చుకోవచ్చు. తేలాక ఇక్కడ రాయండి, ఏ రిజిస్టరు అడగాలో చెప్తాను.